పావు తిప్పు తాత

తాతకు ఉన్న జబ్బు ఒక్కటే: ఏ పని చేసినా "అయిపోయింది" అనడు. ఎలక్ట్రిక్ గిటార్లు బాగుచేసే కొట్టు ఆయనది. మేడమెట్ల కింద, పగలు కూడా లైటు వేసుకోవలసిన గది. గిటారు ఇచ్చినవాళ్ళు ఎప్పుడొచ్చి అడిగినా కళ్ళద్దాల మీదుగా చూసి, "ఇంకో పావు తిప్పు ఉంది" అంటాడు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు.

ఆ పావు తిప్పు గిటార్లతో ఆగినా బాగుండేది. కారుతున్న కుళాయిని బిగించబోయి, ఇంకో పావు, ఇంకో పావు అంటూ కుళాయిని చేతికి తెచ్చుకున్నాడు. నాయనమ్మ కళ్ళజోడు మర బిగిస్తూ అద్దం రాల్చాడు. ఆవిడ ఒంటి అద్దంలోంచి ఆయన్ని చూసి, "ఇప్పుడు సగమే కనిపిస్తున్నారు, ప్రాణానికి హాయిగా ఉంది" అంది. ఆవిడ పోయాక గోడకు ఫోటో బిగించాడు. అదీ ఇంకా అవలేదు. పొద్దున్నే కుంటి బల్ల ఎక్కి ఆ మరను ఓ పావు తిప్పితే గాని కాఫీ గొంతు దిగదు. లెక్కల్లో తప్పి, బడి మానేసి, కొట్లో కూర్చున్న మనవరాలు దానికి రోజూ పోట్లాడేది. బల్ల మీంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే నిన్ను బిగించడం నా వల్ల కాదని.

వానలు పట్టుకున్న రోజుల్లో హోటల్ మామ వచ్చాడు. సాయంత్రాలు హోటల్లో గిటారు వాయించే మనిషి. పెద్ద జబ్బు చేసి లేచాడు. ఎడమ చేతి వేళ్ళకు పట్టు పోయింది, కుడి చెయ్యి వణుకుతోంది. తడిసిన గిటారు సంచీ పనిబల్ల మీద పెట్టి, తల ఎత్తకుండా చెప్పాడు.

"అమ్మేస్తున్నాను పెద్దాయనా. కొనేవాడు చూసుకునేలా సరిచేసి పెట్టండి."

అది ట్రెమోలో బ్రిడ్జి ఉన్న గిటారు. తీగలను మోసే ఆ బ్రిడ్జి గట్టిగా కూర్చోదు, తేలుతూ ఉంటుంది. ముందు నుంచి తీగలు లాగుతాయి, వీపులోంచి స్ప్రింగులు లాగుతాయి. పక్కనున్న కమ్మి నొక్కితే స్వరాలన్నీ జారి మళ్ళీ లేస్తాయి. ఒక్క తీగను సవరిస్తే మిగతా అయిదూ అలుగుతాయి. పావు తిప్పు జబ్బున్నవాడికి దాన్ని అప్పజెప్పడమంటే తిండిపోతుకు వంటగది తాళం ఇవ్వడమే.

అనుకున్నట్టే అయింది. మామ వచ్చిన ప్రతి వారమూ తాత అదే మాట. పైగా వాయించి చూపించమనేవాడు. కొనేవాడు ఊరికే చూసి పోతాడా, వాయించడూ అని. మామ విసుక్కుంటూనే వాయించేవాడు. తీగలు మెడ మీది ఇనుప గీతలకు తగిలి, డబ్బాలో పడ్డ ఈగల్లా జుయ్యిమనేవి.

"మీకు చూపు పోయినట్టుంది" అన్నాడు మామ ఒకసారి. ఆ మాట కొట్లోనే ఉండిపోలేదు, వీధంతా తిరిగింది. గిటార్లు రావడం తగ్గింది. గోడలు చెమ్మగిల్లాయి, ఖాళీ కొక్కేలకు తుప్పు పట్టింది. తాత మాత్రం రోజూ ఫోటో మర తిప్పుకుంటూనే ఉన్నాడు.

మనవరాలికి ఒళ్ళు మండింది. తాత బయటికి వెళ్ళినప్పుడు గిటారు వీపు మూత విప్పింది. బ్రిడ్జి ఇటూ అటూ మెదలకుండా లోపల ఓ చెక్క ముక్క బిగించి ఉంది. ట్రెమోలోను కట్టేయడమంటే ఊయలను మేకులు కొట్టి బిగించేయడమే. తాతకు నిజంగానే మతి పోయిందనుకుంది. ఆయన గొడుగు మడుస్తూ వస్తే ఆ ముక్క చూపించి, ఇదేమిటని నిలదీసింది.

తాత తలుపు వేశాడు.

"వాడి చెయ్యి బ్రిడ్జి మీద ఆనితే చాలే, తీగలన్నీ వణుకుతాయి. తన వణుకు తనకే వినబడితే మళ్ళీ దాన్ని ముట్టుకుంటాడా?"

"మరి ఆ ఈగల మోత?"

"వాడి వేళ్ళు ఎంత నొక్కగలవో అంత కిందికి దించాను తీగల్ని. మోగక చస్తాయా? వారం వారం ఓ పావు తిప్పు పైకి లేపుతున్నా. వాడితో అన్నావో, నిన్ను మళ్ళీ బళ్ళో వేస్తాను."

అంతకు మించిన బెదిరింపు లేదు. ఆ పిల్ల నోరు కుట్టేసుకుంది. వీధిలో ఎవరైనా తాత చూపు గురించి అడిగితే, అవును, నన్నే గుర్తుపట్టడం లేదు పాపం అనేది.

వానలు వెనక్కి తగ్గుతుండగా తాత ఆ చెక్క ముక్క తీసేశాడు. ఆ వారం మామ యథాప్రకారం విసుక్కుంటూ గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. వాయించాడు. ఈగలు లేవు. కమ్మి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కాడు. స్వరాలు కిందికి జారి, మళ్ళీ తమ చోటికి వచ్చాయి. మామ ఆగి, తీగల ఎత్తు వంక చూశాడు. తర్వాత తన వేళ్ళ వంక చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.

"మునుపటి ఎత్తే కదండీ ఇది?" అన్నాడు.

"అయిపోయింది" అన్నాడు తాత.

మనవరాలు గబుక్కున లేచి తాత నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

మామ గిటారును సంచీలో పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగాడు.

"మరి కొనేవాడికి ఏం చెప్పమంటారు?"

"ఇంకో పావు తిప్పు ఉందని చెప్పు."

మామ వెళ్ళిపోయాక తాత కుంటి బల్ల ఎక్కాడు, ఫోటో దగ్గరికి. ఎక్కి, అనుమానంగా కిందికి చూశాడు. బల్ల కదలడం లేదు. కుంటి కాలి కింద ఆ చెక్క ముక్క ఉంది.

"కానియ్యి, తాతా" అంది మనవరాలు. "నాయనమ్మ చూస్తోంది."