లాకు మూసిన పోతురాజు

కాలువ లాకు తలుపులు తీసి మూసే లస్కరు పోతురాజు కల్లు తాగి పడవ పగలగొట్టించాడని కొందరన్నారు. పోటీ పడవల కంపెనీ దగ్గర లంచం తిన్నాడని మరికొందరన్నారు. రంగులు తెలియని మనిషని కాలువల ఆఫీసు కాగితాల్లోనే రాశారు. మూడూ అబద్ధాలే. అర మైలు అవతల ఎగిరిన ఎర్రజెండాను అతను ఎర్రజెండాగానే చూశాడు.

అది 1884వ సంవత్సరం. కాకినాడ కాలువ మీద రెండు కంపెనీల రహదారి పడవలు జనాన్ని ఎక్కించుకుని నడిచేవి. పెద్దాపురం పల్లంరాజుగారి పడవ ఎర్రజెండా ఎత్తితే, వస్తున్నాం, నీళ్ళు వదలవద్దని అర్థం. జగన్నాథరావుగారి పడవ అదే జెండా ఎత్తితే, గట్టుకు కట్టుకున్నాం, నీళ్ళు వదలమని. వంపు అవతల జెండా కనబడేది గాని పడవ ఎవరిదో కనబడేది కాదు.

పోతురాజు ఇద్దరి గుమ్మాలూ ఎక్కాడు.

"ఎరుపు మరిడమ్మ తల్లి రంగు. దాంతో పడవను ఆపడమేంటి? ఆ రావుగారినే మార్చుకోమను" అన్నారు పల్లంరాజుగారు.

ఆనకట్ట కట్టిన నాటినుంచీ ఎరుపంటే ఆగడమేనని, పంతం రాజుగారిదేనని జగన్నాథరావుగారు వాదించారు. పోతురాజు రెండు అర్జీలు పెట్టినా ఆఫీసు పలకలేదు.

శ్రావణంలో ఒకనాడు దిగువన ఎరుపు లేచింది. రావుగారి పడవనుకుని పోతురాజు తూములెత్తి నీళ్ళు వదిలాడు. వచ్చింది రాజుగారి పడవ. నీటి పోటుకు అది రాతిగోడకు కొట్టుకుని పగిలింది. చేపలు అమ్ముకుని అందులో తిరిగివస్తున్న అప్పాయమ్మ చెయ్యి విరిగింది. పడవ కంటబడేదాకా ఆగవలసింది, ఆగలేదు. ఆ తప్పు అతనిదే.

విచారణలో రెండు కంపెనీల గుమాస్తాలూ జెండాకు తాము చెప్పే అర్థమే సరైనదని ప్రమాణం చేశారు. అప్పాయమ్మ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పోతురాజుకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే లాకు తలుపులు మూసి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"తెరవరా, కొలువు పోతుంది" అన్నాడు పై అధికారి ఓవర్సీరు.

"పోనీండి బాబూ. ఎర్రజెండాకు ఇద్దరూ ఒక్క అర్థం చెబితే తెరుస్తాను. లేదంటే నన్ను కాలువలోకి తోసి తెరుచుకోండి."

మూడు రోజుల్లో ఎగువా దిగువా అరవై పడవలు నిలిచాయి. బియ్యం తడిసింది, కూరగాయలు కుళ్ళాయి. తల్లి రంగూ ఆనకట్ట నాటి ఆచారమూ సరుకు నష్టం ముందు నిలవలేదు. నాలుగోనాడు ఇద్దరు పెద్దమనుషులూ ఇంజనీరు ఎదుట ఒకే గుర్తుకు సంతకాలు చేశారు. మర్నాడు పోతురాజును కొలువులోనుంచి తీసేశారు.

జరిగింది ఇది: ఒకనాడు తొందరపడి నీళ్ళు వదిలి ఒక మనిషి చెయ్యి విరగడానికి అతను కారణమయ్యాడు. ఆ తరువాత పై అధికారి మాట ధిక్కరించి మూడు రోజులు లాకు మూశాడు. అలా మూయబట్టే ఆ కాలువ మీద ఒక జెండాకు ఒకే అర్థం వచ్చింది.