విమానం ఎక్కని కుడుకలు

ఈ రోజు పొద్దున విమానాశ్రయంలో నేను మా వదినను ముందుకు తోసి, ఆమె వెనక దాక్కున్నాను. నేను చేసిన పనిని ఆమె చేసిందని పోలీసు యూనిఫాంలో ఉన్న అధికారితో చెప్పాను. రాసేటప్పుడైనా మెత్తటి మాటలు వెతుక్కోకూడదని ముందే చెప్పేస్తున్నాను.

వదిన నా భార్యకు అక్క. లింగంపల్లిలో రైల్వే స్టేషన్ వెనక కాలనీలో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో, కడప నుంచి వచ్చిన నాకు ఆ ఊళ్లో కిరాయి ఇల్లు కుదరక తిరుగుతుంటే, తన రెండు గదుల్లో ఒకటి మాకిచ్చి వంటింట్లో పడుకున్న మనిషి. ఆమె కూతురు పుణెలో ఉంటుంది. అక్కడ మనవరాలు పుట్టింది. రేపు ఆ పసిదానికి మొదటి హోళీ. వదిన వాళ్ల వైపు ఆ పండుగకి ఒక ముచ్చట ఉంది. ఎండుకొబ్బరి చిప్పల్ని కుడుకలంటారు. వాటిని చక్కెర బిళ్లలతో కలిపి దండ గుచ్చి, అమ్మమ్మ తన చేత్తో బిడ్డ మెడలో వేయాలి. మా కడప వైపు ఇది లేదు. పెళ్లయ్యాకే చూశాను.

వదిన మంచి కుడుకలు ఏరి, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, ఎర్రదారంతో తనే దండ గుచ్చింది. నాకు పుణెలో ఆఫీసు పని పడింది కాబట్టి ఇద్దరికీ కలిపి టికెట్లు తీశాను. ఆమె విమానం ఎక్కడం ఇదే మొదలు.

నిన్న సాయంత్రం సామాన్లు సర్దడానికి వాళ్లింటికి వెళ్లాను. దండను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వస్తానంది.

"ఒళ్లో ఎందుకు వదినా, నలిగిపోతుంది. నా పెట్టెలో పెడతా" అన్నాను.

"జర ఎవరినన్న అడుగరాదు మరిదీ? విమానంల గిసొంటివి పోనిస్తరో లేదో."

"అస్తమానం తిరిగేవాణ్ణి, నాకు తెలీదా? కొబ్బరే కదా, బాంబేం కాదు కదా!"

నా జోకుకి నేనే నవ్వుకున్నాను. నేనే ఆమె చీర ఒకటి తీసుకుని దండను అందులో చుట్టి, నా పెట్టెలో అడుగున పెట్టి, జిప్పు కూడా వేశాను. పొద్దున కౌంటర్లో అమ్మాయి, తీసుకెళ్లకూడని వస్తువుల బొమ్మలున్న అట్టను నా ముందుకు జరిపింది. దాని వైపు చూడకుండానే తలూపాను. "సామాను మీరే సర్దుకున్నారా సార్?" అంటే, "అవును" అన్నాను. పెట్టె నా పేరు మీదే వెళ్లింది.

కోకాపేటలోని మా ఆఫీసులో నా ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పాలి. కొత్తగా చేరిన పిల్లలకు కంపెనీ నిబంధనలు, భద్రతా నియమాలు బోధించడం. "తెలియదు అనేది సాకు కాదు" అని ప్రతి బ్యాచికీ బల్ల గుద్ది చెబుతాను.

విమానం ఎక్కే గేటు దగ్గర కూర్చుని ఉండగా సిబ్బందిలో ఒకమ్మాయి వచ్చి నన్ను పిలిచింది. పెట్టెలో ఏదో అనుమానంగా కనిపించిందట, తెరిచి చూపించాలట. ఒక్కదాన్నీ కూర్చోలేనని వదిన కూడా వెంట వచ్చింది. చిన్న గదిలో బల్ల మీద నా పెట్టె ఉంది. అధికారి చీర మడతలు విప్పి దండను బయటికి తీశాడు.

"ఎండుకొబ్బరి విమానంలో వేయకూడదు. నూనె ఉంటుంది, వేడికి దానంతటదే అంటుకోవచ్చు. ఇది ఎవరు పెట్టారు?"

నా పేరు రాసుకుంటారేమో, ఆఫీసుకి తెలుస్తుందేమో అనుకున్నాను. నిబంధనలు చెప్పే మనిషి నిబంధన తప్పాడంటే ఏమవుతుందో అనుకున్నాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

"ఈవిడది సార్. లోపల పెట్టిందని నాకు తెలియదు."

వదిన ఒక్కసారి నా వైపు చూసింది. వెంటనే అధికారి వైపు తిరిగింది.

"అవు సార్, నాదే. నేనే పెట్టిన. మొదటిసారి ఎక్కుతున్న, తెల్వదు."

"ఒకరి పెట్టెలో వాళ్లకు చెప్పకుండా పెట్టడం ఎంత తప్పో తెలుసా అమ్మా? రేపు కేసైతే ఇరుక్కునేది ఆయనే!"

"మాఫ్ చెయ్యుండ్రి సార్" అని ఆమె చేతులు జోడించింది. సిబ్బంది అమ్మాయి ఆమె పేరు, ఫోన్ నంబరు రాసుకుంది. దండను డబ్బాలో పడేశారు. నేను పెట్టె జిప్పు వేసుకున్నాను.

విమానంలో ఆమె కిటికీ పక్కన కూర్చుని "ఈ బెల్టు ఎట్ల పెట్టుకోవాలె మరిదీ?" అని అడిగింది. పెట్టాను. మబ్బులు కిందికి వెళ్లగానే "అయ్యో, దూది ఏకినట్టుంది" అని నవ్వింది. కాసేపాగి, మెల్లగా నా చెయ్యి తట్టింది.

"నీ నౌకరికి ఏం ఫికర్ లేదు గద?"

తిట్టినా బాగుండేది.

పుణెలో ఇంటికి చేరగానే కూతురు దండ అడిగింది. వదిన గుక్క తిప్పుకోకుండా "నాదే తప్పు బిడ్డా, చెప్పకుంట బాబాయ్ పెట్టెల పెట్టిన, తీసేసుకున్నరు" అంది. అల్లుడి తల్లి నిజామాబాద్ ఆవిడ. నోరు ఊరుకోదు.

"ఏంది వదినె, పాపం గంత పెద్ద సారును జైలుకు తోలుతుంటివి! ఇగ మనుమరాలికి ఉత్త చేతులతోని వస్తివా?"

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది, కానీ ఉయ్యాల వైపు వెళ్లలేదు. గోడ పక్కన నిలబడి కొంగు చివర మెలితిప్పుతోంది. నా చేతిలో టీ కప్పు ఉంది. కింద పెట్టాను.

"ఆమె పెట్టలేదు. అడుగుదామంటే వద్దన్నది నేను, పెట్టింది నేను. ఆఫీసర్ అడిగితే ఆమె మీదకు నెట్టాను. ఆమె నన్ను కాపాడింది."

కూతురి మొహం ఎర్రబడింది.

"మా అమ్మతోని దండం పెట్టించినవా బాబాయ్?"

"పెట్టించాను."

"ఎందుకు చెప్పినవ్?" అని వదిన నా మీద విసుక్కుంది. "అందరి ముంగట నీ ఇజ్జత్ తీసుకుంటివి."

"నీది తీసినప్పుడు అందరి ముందే తీశాను కదా వదినా."

అల్లుడి తల్లి లేచి పాపను ఉయ్యాల్లోంచి తీసి వదిన ఒళ్లో పెట్టింది. ఆ తర్వాత నేను ఫోన్లో విమాన సంస్థకు ఉత్తరం రాశాను. పెట్టె సర్దింది నేనేననీ, కౌంటర్లో నేను చెప్పిందే నిజమనీ, తర్వాత గదిలో చెప్పింది అబద్ధమనీ, రాసుకున్న పేరు తీసేసి నా పేరు రాసుకోమనీ. ఆఫీసులో మా పైఅధికారికి కూడా అదే పంపాను. ఏమంటారో ఇంకా తెలియదు.

మధ్యాహ్నం మీటింగు మానుకుని వదినను బజారుకు తీసుకెళ్లాను. అక్కడ ప్రతి దుకాణం ముందూ కుడుకలు కుప్పలుగా ఉన్నాయి, చక్కెర దండలు వేలాడుతున్నాయి. "గింత దూరం మోసుకొచ్చుడు ఎందుకు, ఈడనే ఉన్నయి గద!" అని ఆమె నడిరోడ్డు మీద పడీపడీ నవ్వింది. మంచివి ఆమె ఏరింది. ఇంటికొచ్చాక దబ్బనం నేను అడిగి తీసుకున్నాను. మొదటి రెండు కుడుకలు పగిలాయి, మూడోదానికి వేలు పొడుచుకున్నాను. "నువ్వు ఆఫీసుల క్లాసులు చెప్పుకో పో" అని ఆమె ఎక్కిరిస్తూనే ఉంది, కానీ దబ్బనం వెనక్కి తీసుకోలేదు. సాయంత్రానికి దండ పూర్తయింది. నేను వేసిన చివరి ముడి మాత్రం ఆమె విప్పి, మళ్లీ తనే వేసింది.