డీజేకు చెయ్యెత్తిన కోడలు

ఈసారి బతుకమ్మకు డీజే కావాల్నా, నోటి పాట కావాల్నా అని మా గల్లీల మీటింగ్ పెట్టిన్రు. దేశాన్ని ఏలేటోళ్లు గూడ గంత సోచాయించరు. యూత్ కమిటీ ప్రెసిడెంటు లేచి, "అక్కలారా, నోటి పాటల సౌండ్ వస్తలేదు" అన్నడు. నలభై మంది ఆడోళ్లు చప్పట్లు కొట్టుకుంట పాడితే సౌండ్ రాదట! ఆయన పెండ్లాం ఒక్కతి ఒర్రితేనే మా కొత్తవాడ అంత వినొస్తది.

నోటి పాటంటే మా అత్తనే. ఆమె ఒక వరుస అందుకుంటది, చుట్టు తిరిగేటోళ్లమంత ఎన్క నుంచి ఉయ్యాలో అంటం. ముప్పై ఏండ్ల సంది ఆమెదే ఆ పదవి. ఎలక్షన్ లేదు, రిటైర్మెంట్ లేదు. మా గల్లీల ఇంకో రివాజు గూడ ఉన్నది. ఆ ఏడు ఎవలింట్ల ఏం జరిగినా అత్త పాటల కడ్తది. ఎవలకు మనవడు పుట్టిండు, ఎవల బిడ్డకు నౌకరీ వచ్చింది, ఎవలు కాలం జేసిన్రు, అన్నీ. పోయినోళ్ల మాటొస్తే అడుగు నెమ్మది చేస్తది. ఆ ఇంటామె ఏడ్చి, ముక్కు చీదుకునేదాక ఆగి మళ్ల అందుకుంటది.

నా వంతు వస్తే మాత్రం నవ్వులే. నర్సంపేట కోడలు నిద్ర లేవది ఉయ్యాలో, నీళ్లల్ల పసుపేసి పప్పు అన్నది ఉయ్యాలో. గల్లీ అంత పడిపడి నవ్వుడు. ఏడాది పొడుగునా ఇంట్ల తిట్టింది చాలదని పండుగనాడు నలుగుర్ల నా ఇజ్జత్ తీసుడు. ఎండకాలంల మా అమ్మ పోయింది. ఈ ఏడు నవ్వులపాలయ్యే ఓపిక నాకు అసలే లేకుండె. అందుకే డీజే అనంగనే అందరికంటె ముందు నేనే చెయ్యెత్తిన. రెండు చేతులు ఎత్తుదును గని, ఒక దాంట్ల చాయ్ గిలాస ఉండె. అత్త నా దిక్కు చూసింది.

పండుగ ఆఖరు రోజు, సద్దుల నాడు, డీజే డబ్బాలు దిగినయ్. ఒక్కోటి మా బీరువ కంటె పెద్దది. మొదలైంది బతుకమ్మ పాటనే గని, కుక్కలు ఎంబడి పడ్డట్టు ఉరుకుతాంది. వంగి చప్పట్లు కొట్టి లేసేటాల్లకు రెండు వరుసలు దాటిపోతానయ్. ముసలోళ్లు మోకాళ్లు పట్టుకొని పక్కకు జరిగిన్రు. మా అత్తను గౌరవంగ కుర్చేసి కూసోబెట్టిన్రు, సరిగ్గ డబ్బా పక్కన. ఆమె చెవులల్ల దూది పెట్టుకున్నది. నాకు మస్తు సంబురమైంది, అబద్ధమెందుకు.

రెండు చుట్లు తిరిగిన. అప్పుడు తట్టింది నా మొద్దు తలకాయకు. ఈ ఏడు పాటల మా అమ్మ మాట రావాలె గదా! అందరి అమ్మల కోసం ఇన్నేండ్లు ఉయ్యాలో అన్న. నా అమ్మ కోసం ఇప్పుడు అడుగు నెమ్మది చేసేదెవలు, ఈ డబ్బానా? జర బంద్ చెయ్యన్నా అని డీజే ఆయనకు చేతులు ఊపిన. నేను డాన్స్ చేస్తాన్ననుకొని ఆయన సౌండ్ ఇంక పెంచిండు.

కుర్చీ కాడికి ఉరికి, అత్త చెవులల్ల దూది నేనే గుంజిన. "అత్తమ్మా, మా అమ్మ..." అని ఒర్రిన. నా గొంతు నాకే వినపడలే. ఆమెకు మాత్రం సమజైంది. నా మెడ పట్టి కిందికి వంచి, చెవి కాడ నోరు పెట్టి గట్టిగ అన్నది:

"వానలు పడ్డప్పుడే కట్టిన బిడ్డా. ఎనిమిది వరుసలు. నువ్వే చెయ్యెత్తితివి."

"ఇప్పుడు పాడు అత్తమ్మా" అన్న. ఏడుపు ఆగుత లేదు.

పాడింది. నా రెండు చేతులు పట్టుకొని, నెమ్మదిగ చప్పట్లు కొట్టిచ్చుకుంట పాడింది. ఆ మోతల ఒక్క ముక్క నా చెవిన పడలే. మా అమ్మను ఏమని తలుచుకున్నదో నాకు తెల్వది. ఆమె పెదాలు ఆగినప్పుడల్ల ఉయ్యాలో అన్న.