మామ గీసిన మచ్చ

ఆ రోజుల్లో ఒంటి మీద మచ్చ తేలిందంటే అది ఆ మనిషి సొంత వ్యవహారం కాదు, వీధి మొత్తానిది. నేను ఇంటరు చదివేటప్పుడు నా ఎడమ భుజం మీద కాఫీ ఒలికినట్టు ఒక మచ్చ వచ్చింది. నగర్తపేటలో మా వరస ఇళ్ళవాళ్ళంతా వచ్చి చూసి, పెద్దరోగమని, అంటే కుష్ఠని, పైకి అనకుండానే నాకు కంచం విడిగా పెట్టించారు. (అమ్మ ఏడుస్తూ వడ్డించేది. దుఃఖం కొద్దీ నెయ్యి కాస్త ఎక్కువ పడేది. నేను అభ్యంతరం చెప్పలేదు.)

చివరికి అమ్మ తీసుకెళితే, మా పేట డాక్టరుగారు మచ్చను గుండుసూదితో గుచ్చారు. వీధిలోకి వినబడేలా అరిచాను.

"స్పర్శ బాగుండాది. పెద్దరోగం కాదప్పా, ఈ వయసులో కొందరికి వచ్చే మచ్చ. నెలనెలా మచ్చ మీద నూనె కాగితం పరిచి దీని చుట్టుగీత గీసి పంపండి. ఆకారం మారితే మాత్రం కోసెయ్యాల" అన్నారు.

గీసే పని మా మేనమామ మీద పడింది. ఆయన పట్టుచీరల అంచులకు నమూనాలు గీసేవాడు. నాకు కాలేజీ కాబట్టి కాగితం కూడా తనే పట్టుకెళ్ళేవాడు. నాలుగో నెల మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. "మచ్చ రూపు మారిపోయిందంటప్పా. సోమవారం కోస్తారంట." ఆ మూడు రోజులూ నేను ఏ దేవుణ్ణీ చిన్నచూపు చూడలేదు.

సోమవారం మామ వెంట వెళితే, డాక్టరుగారు కత్తి పక్కన పెట్టుకుని, నాలుగో కాగితం నా భుజం మీద పరిచారు. కుదరలేదు. మొదటిది పరిచారు. అచ్చంగా సరిపోయింది.

"ఏమప్పా, నువ్వు గీసిన ఈ తోక మచ్చకి యాడుండాది?"

మామ నసిగాడు. "మచ్చ వంకరటింకరగా ఉండె సార్. అట్లే గీసిస్తే నా చేతికి మర్యాదేముండాది? నెలకింత సరిచేస్తా వస్తిని."

"మరి కోస్తామంటే నోరెత్తలేదే?"

"గీసినాక అదీ పెరిగిందేమో అనుకుంటిని."

డాక్టరుగారు కత్తి పెట్టెలో పెట్టేశారు. "ఇంక బొమ్మలు రానోళ్ళెవురైనా గీయండప్పా!"

తరువాత అమ్మ గీసింది. వణికే గీత, కాని నిజమైన గీత. మచ్చ మారలేదు. ఇప్పుడు మామ లేడు. ఆయన నాలుగో నెల బొమ్మ మాత్రం మామిడిపిందె నమూనాగా చీర అంచుకెక్కి బాగా అమ్ముడుపోయింది. ఈనాటికీ ఏ పెళ్ళిలోనైనా ఏ పెద్దావిడ చీర మీదనో తోక ఉన్న ఆ మామిడిపిందె కనిపిస్తే, నవ్వు ఆపుకుని, నా ఎడమ భుజం మీద ఉత్తరీయం సర్దుకుంటాను.