పిన్నిది కొంగ వర్గం

మా బాబాయి ఎవరినైనా ముందు ముక్కు చూస్తాడు, తర్వాత పాదాలు చూస్తాడు, ఆ వెంటనే ఏ పక్షి వర్గమో తేల్చేస్తాడు. ఆయన ఉద్యోగం మ్యూజియంలో. చచ్చిన పక్షుల్లో దూది కూరి అద్దాల బీరువాల్లో నిలబెట్టడం. ఆ గోల అక్కడే వదిలేసి రావచ్చు కదా! రాడు.

ఒకసారి మా ఆయన ఆఫీసరు మా ఇంటికొచ్చి బూట్లు విప్పాడు.

"సార్, మీది బాతు వర్గం."

"ఏంటండీ?"

"తప్పుగా అనుకోకండి. వెడల్పు పాదం, చదును ముక్కు. అంటార్కిటికా తప్ప ఎక్కడ పడేసినా బతికేస్తారు."

మా ఆయన మొహం చెల్లక వంటింట్లోకి పారిపోయాడు.

బావగారిదేమో వడ్రంగిపిట్ట వర్గమట. "ఎదుటివాళ్ల బుర్ర పొడవందే ఊరుకోడు. ఆస్ట్రేలియాలో ఈ వర్గం ఒక్కటీ లేదు, అదృష్టవంతులు!" బావగారు ఏడాది పాటు మా గడప తొక్కలేదు.

పిన్నిది పాడే పిట్టల వర్గం. బస్ స్టేషన్ మైకులో బస్సుల రాకపోకలు చెప్పేది. "పక్షి జాతుల్లో దాదాపు సగం వీళ్లే. ఎక్కడ చెవి పెట్టినా వీళ్ల గొంతే" అని మురిసిపోయేవాడు.

ఆ గొంతుకే జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇంటికి రాగానే పిన్ని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎవరికీ కనబడేది కాదు, సరిగ్గా తినేది కాదు. ఆవిడ ఏడ్చినా చప్పుడు వచ్చేది కాదు. ఇలాగే చిక్కి చిక్కి చచ్చిపోతుందని మేమంతా హడలిపోయాం.

బాబాయి మాత్రం వీధి వీధంతా చాటింపు వేశాడు. "మా ఆవిడ కొంగ వర్గంలోకి మారిందండీ. ఎర్రకాళ్ల పెద్ద కొంగలకి గొంతు పెగలదు. ముక్కు టకటకలాడించే కాపురం చేస్తాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. కడిగేద్దామని వాళ్లింటికి వెళ్లాను.

తలుపు తీసే ఉంది. ఆయన చేతిలో రెండు చెక్క గరిటెలు, పిన్ని చేతిలో రెండు. ఆయన టక్కుమంటే ఆవిడ టకటకటకా అంటోంది. కూరలో ఉప్పెక్కువైందని దెబ్బలాట! బాబాయి నన్ను కూడా గరిటెలతోనే పలకరించాడు. నన్ను సాగనంపడానికి వచ్చి, గేటు దాటాక నోరు విప్పాడు.

"గడప లోపల నేనూ మాట్లాడనమ్మలూ. అదొక్కత్తే మూగదైతే దిగులు. ఇద్దరం ఒకటే వర్గమైతే సంసారం."

"అందుకేనా బాబాయ్, బయట ఇంత వాగుతున్నావు?"

"మరి, మాటలన్నీ మింగి చావమంటావా?"

ఇంటికెళ్లే దారంతా ఏడ్చాను.

పిన్ని మళ్లీ నలుగురిలోకి వచ్చింది. కూరలవాడితో గరిటెలతో బేరమాడితే వాడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడు. కానీ జబ్బు తిరగబెట్టింది. ఈ చలికాలంలో పిన్ని పోయింది.

వచ్చినవాళ్లంతా వెళ్లాక బాబాయి నోరు తెరిచి, మళ్లీ మూశాడు. "ఇంట్లో మాట్లాడ్డం అలవాటు తప్పిందమ్మలూ. ఏదైనా అడుగు."

"పెంగ్విన్లు ఉత్తర ధ్రువంలో ఎందుకుండవు?" అన్నాను.

మొదలుపెట్టాడు. రెక్కలు తెడ్లుగా మారడం దగ్గర పిన్ని గరిటెల వైపు చూసి, మళ్లీ అందుకున్నాడు. టీ చల్లారింది. మా ఆయన కుర్చీలోనే గురక పెట్టాడు. బాబాయి ఇంకా దక్షిణ సముద్రాల్లోనే ఈదుతున్నాడు. పిన్నైతే ఎప్పుడో ఆపించేది.

నేను ఆపలేదు. పెంగ్విన్ అయిపోగానే నిప్పుకోడి సంగతి అడిగాను.