డయోడూ, గెడ్డలో బుట్టా

కాలేజీ ల్యాబులో సోల్డరింగ్ పొగ లేచినప్పుడల్లా నాకు గుగ్గిలం వాసనే తగులుతుంది. ఆ వెంటే మావ టంకం వేసే వసారా, వానకు తడిసిన కాఫీ మొక్కలు, ఆకుల్లో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేపలు, హుకుంపేట కొండల్లోని మా ఊరంతా వరసగా వచ్చేస్తాయి. అమ్మ తమ్ముడైన మావకు రేడియోలు విప్పడం బాగా వచ్చు. తిరిగి బిగించడం అప్పుడప్పుడూ వచ్చేది.

ఒకరోజు రేడియో పొట్టలోంచి మిరియపు గింజంత నల్లముక్క తీసి, దాని కొసనున్న తెల్లగీత చూపించి, ఇది డయోడు, కరెంటును ఇటు నుంచి పోనిస్తుంది, అటు నుంచి రానివ్వదు అన్నాడు. చీమలు సుద్దగీతకు భయపడినట్టు కరెంటు ఆ గీతకు భయపడుతుంది కాబోలని నేను తేల్చేశాను. మావ తల పట్టుకున్నాడు.

మర్నాడు ఊరి పక్కన పారే గెడ్డలో రాళ్లకు కట్టేసిన తాత వెదురు బుట్టలో చేప మెరిసింది. ఆ బుట్ట మూతి దగ్గర పుల్లలన్నీ లోపలికి వాలి ఉంటాయి. చేప దూరుతుంది గాని తిరిగి రాలేదు. వెనక మూతకున్న తీగ విప్పి దాన్ని తీసుకోవాలి. అంత ఓపిక నాకెక్కడిది! మూతిలోంచే చెయ్యి పెట్టాను. చేప దొరికింది, చెయ్యి రాలేదు. లాగినకొద్దీ పుల్లలు గుచ్చుకుంటున్నాయి. పైన కొండ మీద వాన దంచేస్తోంది, గెడ్డ ఎర్రబడి నా నడుం దాకా వచ్చేసింది. ఇక చచ్చిపోతాననే అనుకున్నాను. నా అరుపులకు మావ పరిగెత్తుకొచ్చాడు.

"ఒలే గుంటా, ఎనక్కి లాగకు! నిన్న సెప్పింది ఇదేనే. ఎల్లడానికి దారిత్తాది, రాబోతే అడ్డం పడతాది. డయోడంటే ఇదే!" అన్నాడు, మొహం వెలిగిపోతుంటే.

"పాఠం తర్వాత సెబుదువు గాని, బేగి తియ్యి మావా!" అని ఏడ్చాను.

వెనక తీగ విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, పుల్లలు ఒక్కొక్కటే విరిచాడు. చేప తప్పించుకుంది. విరిగిన బుట్టను చూసి తాత నిట్టూర్చాడు.

ఆ ఏడే నన్ను హాస్టల్లో వేశారు. తర్వాత విశాఖ, ఈ లెక్చరర్ ఉద్యోగం, పెళ్లి, అన్నీ ముందుకే. ఇప్పుడు డయోడు చెప్పడానికి బోర్డు మీద ఆ బుట్ట బొమ్మ గీస్తే, అదేంటి మేడమ్ అంటారు పిల్లలు. మా ఊళ్లోనూ నైలాన్ వలలే, బుట్ట అల్లేవాళ్లు లేరు. మొన్న వెళ్తే మావాళ్లే చుట్టానికి వేసినట్టు కుర్చీ వేసి, టీ ఇచ్చి, తిరుగు బస్సెప్పుడని అడిగారు. వాళ్లు మర్యాదగానే అడిగారు, నాకే గుచ్చుకుంది. గెడ్డ ఒడ్డుకెళ్లి కూర్చున్నాను. గొంతు చించుకుని అరవాలనిపించింది. కానీ వెనక తీగ విప్పడానికి మావ లేడు.