నర్సమ్మక్క బస్సు వెనక కట్టిన చిన్న కారు

ముప్పై ఏళ్లుగా వనపర్తిలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. ఇన్నేళ్లలో నా పని గురించి నాలుగు ముక్కలు రాయమని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. మా మెకానిక్‌ల సంఘం వేసిన సంచికలో నాకంటే పదేళ్లు వెనక పానా పట్టినవాళ్ల అనుభవాలు అచ్చయ్యాయి. నేను రెండుసార్లు రాసిచ్చాను. మొదటిసారి కాగితాలు పోయాయన్నారు. రెండోసారి "చూస్తంలే" అన్నారు. ఆ మాట అన్న మనిషి ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా నాకు గుర్తుంది. అందుకే ఈసారి ఎవరూ అడగకుండానే రాస్తున్నాను.

కరోనా పోయిన తర్వాత రెండో ఎండాకాలం. మల్దకల్ దగ్గరి ఊరి నుంచి బాలప్ప మేస్త్రీ ఒక పాత మినీ బస్సు వేసుకుని నా షెడ్డుకు వచ్చాడు. లోపల సీట్లు తీసేసి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించుకున్నాడు. మోటర్‌హోమ్ అంటారు దీన్ని, అంటే చక్రాల మీద ఇల్లు. కాగితాల్లో కూడా ఆ మార్పు రాయించుకుని వచ్చాడు, దానికి మెచ్చుకున్నాను.

బాలప్ప జీవితమంతా మట్టిపని ముఠాలకు మేస్త్రీ. ఆయన, భార్య నర్సమ్మ ఏ రాష్ట్రంలో కాలువ తవ్వుతుంటే ఆ రాష్ట్రంలో గుడిసె వేసుకుని బతికారు. పని అయిపోగానే గుడిసె పీకి ఇంకోచోటికి. కాలువలోకి నీళ్లు వదిలేది ఎప్పుడో తర్వాత.

"పదకొండు కాలువలు తవ్వినం తమ్మీ. ఒక్కదాంట్ల నీళ్లు చూడలే," అంది నర్సమ్మక్క, షెడ్డులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని. "షోలాపూర్ అవతల మేం తవ్విన కాలువ నిండుగ పారుతుందంట. పానం ఉండంగనే పోయి చూడాలె."

చిక్కు ఒక్కటే. ఆ కాలువ గట్టు బస్సు ఆగే రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్ల లోపల ఉంది. గట్టు దారిలో బస్సు పట్టదు. అక్క మోకాళ్లు అరిగిపోయాయి, నాలుగు కిలోమీటర్లు కాదు, నలభై అడుగులు కూడా కష్టమే. అందుకని బస్సు వెనక ఒక చిన్న కారు కట్టుకుని పోవాలి, అక్కడ విప్పుకుని గట్టు మీదికి ఎక్కాలి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి అలా గుంజుకుపోవడాన్ని ఫ్లాట్ టోయింగ్ అంటారు.

ఏ కారు పడితే ఆ కారు ఇందుకు పనికిరాదు. ఆటోమేటిక్ గేరు కార్లలో చాలావాటికి గేరుబాక్సులో నూనె తిప్పే పంపు ఇంజన్‌తోనే నడుస్తుంది. ఇంజన్ ఆపి గుంజితే చక్రాలు తిరుగుతాయి, లోపల పళ్లూ తిరుగుతాయి, నూనె మాత్రం అందదు. కాసేపటికి కాలిపోతుంది. చేత్తో గేరు వేసే చిన్న కారు మేలు. న్యూట్రల్‌లో పెడితే చాలావాటిలో పళ్లు తిరుగుతూనే నూనె చిమ్ముకుంటాయి. అయినా ఆ కారు కంపెనీ పుస్తకంలో గుంజవచ్చని రాసి ఉందో లేదో చదవాలి. తర్వాత గేరుబాక్సు నూనె రెండు చుక్కలు తీసి వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూస్తాను. మెరుపు కనబడితే లోపల ఇనుము అరుగుతోందని అర్థం. ఆ కారు వద్దు.

ఇదంతా బాలప్పకు చెప్పాను. నాగర్‌కర్నూల్‌లో ఒక టీచరమ్మ అమ్ముతున్న తెల్లటి చిన్న కారు చూపించాను. నూనె తేనెలాగా ఉంది. బాలప్ప తల ఊపి పోయాడు. వారం తర్వాత అల్లుడు రవి ఆటోమేటిక్ కారు తెచ్చాడు.

"అత్తమ్మకు మామ నడిపిస్తుంటె కుదుపులుండవు. క్లచ్చు పని లేదు," అన్నాడు.

"రవీ, ఇది గుంజేటందుకు పనికిరాదు. పెబ్బేరు దాటదు."

"అన్నా, నువ్వు ట్రాక్టర్లు చేసుకో. గివన్నీ కొత్త బండ్లు, నీకు తెల్వదు."

బాలప్ప పక్కనే ఉన్నాడు. అల్లుడి మాటకే తల ఊపాడు. నేల చూశాడు. అది నేను మర్చిపోలేదు.

వాళ్లే ఎవరితోనో కారును బస్సుకు కలిపే బార్ బిగించుకుని గద్వాల నుంచి బయల్దేరారు. బీచుపల్లి బ్రిడ్జి దాటారు. పెబ్బేరు రాకముందే నాకు బాలప్ప ఫోను. "సత్తయ్యా, జర రా. కారు కింద పొగ ఒస్తుంది." పోయి చూస్తే గేరుబాక్సు మీద చెయ్యి పెట్టలేనంత వేడి, నూనె మాడిన కంపు. నేను చెప్పిన మాట గుర్తుందా అని రవిని మూడుసార్లు అడిగాను. మూడోసారి బాలప్ప అన్నాడు, "చాలు తీయ్ సత్తయ్యా, తప్పు మాదే."

చాలదు. కానీ నర్సమ్మక్క బస్సు మెట్టు మీద కూర్చుని, "ఇగ ఈ ఏడు కాలువ చూడమా తమ్మీ?" అని అడిగింది. అక్కడితో ఆ మాట వదిలి బార్ విప్పే పనిలో పడ్డాను.

టీచరమ్మ కారు ఇంకా అమ్ముడుపోలేదు. అదే తీసుకున్నారు. త్రికోణం ఆకారంలో ఇనుప బార్, బార్ ఊడినా కారు పట్టుకునే రెండు గొలుసులు, బస్సు బ్రేకు తొక్కితే కారు వెనక కూడా ఎర్రలైటు వెలిగేలా వైరు, అన్నీ బిగించాను. కారు తాళంచెవి పెట్టి ఒక్క మెట్టు తిప్పి ఉంచాలి, లేకుంటే స్టీరింగ్ లాక్ పడుతుంది. రవికి ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాను. నవ్వుతూ జేబులో పెట్టుకున్నాడు.

పరీక్షకు వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా పోయాం. బాలప్ప నడిపాడు, రవి కూడా వచ్చాడు. మా దగ్గర చెడిపోయిన బండిని తాడుతో గుంజితే ఆ బండి స్టీరింగ్ దగ్గర మనిషి కూర్చోవాల్సిందే. ఈ బార్ ఉంటే మనిషి అక్కర్లేదని ఎంత చెప్పినా నర్సమ్మక్క ఒప్పుకోలేదు. "మనిషి లేని బండి ఎన్క ఒస్తుంటె నాకు పానం ఒప్పుతలేదు," అని బస్సు వెనక అద్దం దగ్గర మంచం మీద కూర్చుని కారునే చూస్తూ వచ్చింది. తోడుగా నేను పక్కన కూర్చున్నాను.

ఆ దారిలోనే ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. మా అమ్మ కూడా ముఠాలో పోయి మట్టి మోసింది. ఏ కాలువో నాకు తెలియదు. "షోలాపూర్ దాటినంక" అనేది. జ్వరంలో పడి ఉన్నప్పుడు కూడా "నీళ్లొచ్చినయో లేదో" అనేది.

"పేరేంది మీ అమ్మది?"

"ఎల్లమ్మ."

"ఏ కాలువైతేంది, నీళ్లు నీళ్లే. గట్టు మీద నిలవడి ఎల్లమ్మ పేరు మీద దోసెడు నీళ్లు ఇడుస్త. ఇడిసి నీకే ముందు ఫోన్ జేస్త."

నాగర్‌కర్నూల్‌లో చాయకు ఆగాం. నేను కారు గేరుబాక్సు తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. లోపల కూర్చుని తాళంచెవి సరిగా ఉందో లేదో చూసి దిగాను. తిరుగుదారిలో నేను ముందు సీట్లో కూర్చున్నాను. బస్సు కదిలి నూరు గజాలు పోయిందో లేదో, వెనక నుంచి నర్సమ్మక్క కేక పెట్టింది.

"ఆపుండ్రి! బండి ఏడుస్తుంది!"

దిగి చూశాను. కారు ఫస్టు గేరులో ఉంది. మా దిక్కు చేతి బ్రేకును ఎవరూ నమ్మరు. బండి దిగేటప్పుడు గేరులో వేసి దిగడం అలవాటు. ముప్పై ఏళ్ల అలవాటు నా చేతితో ఆ పని చేయించింది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయి ఉంటే ఇంజన్ ముక్కలయ్యేది.

రవి వచ్చి అడిగాడు, "ఎవరేసిన్రు గేరు?"

నేను నోరు తెరవక ముందే నర్సమ్మక్క అంది, "ఏమో, నేనే ఎక్కి దిగిన. చెయ్యి తగిలిందేమో."

ఆమె ఎక్కలేదు. నేను గేరు వేయడం అద్దంలోంచి చూసింది, అది తప్పని అప్పుడామెకు తెలియదు. నాకు పక్కన చోటిస్తూ మెల్లగా, "అల్లుని నోరు మంచిది కాదు తమ్మీ," అంది. నా తరఫున ఒకరు మాట్లాడడం మొదటిసారి అప్పుడే చూశాను.

ఆ రోజు నుంచి నా షెడ్డులో ఒక నియమం ఉంది. వెనక కట్టిన బండి న్యూట్రల్‌లో ఉంటేనే గేరు రాడ్‌కు ఎర్రగుడ్డ కట్టాలి. కట్టినవాడు కాక ఇంకొకరు చూడాలి. మొదట తప్పు చేసేది తెలియనివాడే అనుకునేవాణ్ని. చేతికి బాగా అలవాటైన పని దగ్గర తెలిసినవాడే ముందు పడతాడు. మొదటి గుడ్డ నర్సమ్మక్క తన పాత చీర అంచు చింపి ఇచ్చింది.

వానలు పడి కాలువలు నిండాక వాళ్లు బయల్దేరారు. మా షెడ్డు ముందు నుంచే పోయారు. వెనక అద్దంలో అక్క చెయ్యి ఊపింది. తెల్ల కారు బుద్ధిగా వెంట పోయింది.

రెండు వానాకాలాలు గడిచాయి. ఫోను రాలేదు. బాలప్ప నంబరు మోగుతుంది, ఎత్తరు. రవికి చేస్తే ఒకసారి "చెప్తలే అన్నా" అని పెట్టేశాడు. మల్దకల్ జాతరకు పోయినప్పుడు వాళ్ల ఊరికీ పోయాను. ఇంటికి తాళం ఉంది. పక్కింటివాళ్లకు తెలియదట.

బాలప్పా, పెబ్బేరు దగ్గర మూడుసార్లు అడిగినందుకు కోపముంటే అది వేరే. అందుకు కావాలంటే నేనే వచ్చి తప్పు ఒప్పుకుంటాను. గేరు వేసింది నేనే అని కూడా ఇక్కడ అందరి ముందు రాస్తున్నాను, రవి కూడా చదువుకోవచ్చు. నాకు కావలసింది ఒక్క జవాబు. అక్క ఆ గట్టు మీద నిలబడిందా? నీళ్లు చూసిందా? ఎల్లమ్మ పేరు పలికిందా?

అవునో కాదో, ఏదైనా సరే. ఈసారి ఫోన్ ఎత్తి చెప్పు.